గోడవతలి కూతలు

గురువారం మధ్యాహ్నం దాటినా గోడవతల కుక్కర్ కూయలేదు. బుధవారమూ లేదు. మంగళవారమూ లేదు.

పిట్టవాళ్లమ్మకి కాలు నిలవడం లేదు. చంటిదాన్ని చంకనేసుకుని వంటింట్లోంచి ముందుగదిలోకి, ముందుగదిలోంచి వంటింట్లోకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. అటు తిరిగినప్పుడల్లా ఫ్రిజ్ మీది కాగితం కంటపడుతోంది.

ఆ కాగితం సంగతి ముందు చెప్పుకోవాలి. ఇంకో మూడేళ్లు ఈ పరాయి దేశంలోనే ఉంటామని మొగుడూ పెళ్లాం ఇద్దరూ సంతకం పెట్టి, శుక్రవారం పదింటికల్లా మొగుడి ఆఫీసులో ఇవ్వాలి. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయన ఎప్పుడో పెట్టేశాడు. ఆవిడ పెట్టకపోతే పిల్లలతో ఆవిడ వెనక్కి, ఆయన ఒంటరిగా ఇక్కడ.

మొదట్లో ఆవిడకి వెళ్లిపోవడం మీదే ప్రాణం. "పలకరించే దిక్కు లేదు. పొద్దస్తమానం గోడలతో మాట్లాడుకోమంటారా?" అని దెబ్బలాడేది. తీరా చూస్తే నిజంగానే ఒక గోడ మాట్లాడింది!

మూడు నెలల కిందటి మాట. ఆవిడ అన్నం వండుతూ, మూడు కూతలు రాగానే స్టవ్ కట్టేసింది. పావుగంటకి గోడవతల నుంచి కూత. ఒకటి, రెండు, మూడు. ఆగిపోయింది.

"ఏవండీ, గోడవతల మనవాళ్లున్నారండీ!"

"ఉంటే ఉండనీ. పిలవని పేరంటానికి వెళ్లి తలుపు కొట్టకు. ఇక్కడివాళ్లకి నచ్చదు."

"ఇక్కడివాళ్లు కాదంటుంటే!"

వెళ్దామన్నా ఆ ఇంటికి దారి వెనకవీధిలోంచి. మెట్లు కూడా వేరే. అందుకని ఆవిడ చెవి గోడకే అతుక్కుపోయింది. ఇక్కడ ఐదు కూతలకి పప్పు ఉడికితే అక్కడా ఐదు కూతలు. "చూశారా, వంట కూడా మన పద్ధతే!" ఇక్కడ శనగలకి ఎనిమిదైతే అక్కడా ఎనిమిది. "ఇంట్లో పళ్లులేని అత్తగారుంది కాబోలు, పాపం. మెత్తగా ఉడకాలిగా."

ఒకరోజు చంటిదానికి నీళ్లు పోస్తూ స్టవ్ సంగతే మరిచిపోయింది. పదకొండు కూతలు. గిన్నె అడుగంటింది. ఆ మాడు గీక్కుంటూ ఉండగా అవతల కూడా పదకొండు!

"అయ్యో, వదినగారు కూడా మరిచిపోయినట్టున్నారు. ఆవిడకీ చంటిపిల్లలున్నారన్నమాట!"

అలా మొహం చూడని మనిషికి వరస కలిపేసింది. వదినగారు, ఆవిడ అత్తగారు, ఇద్దరు పిల్లలు, ఊరికే విసుక్కునే మొగుడు. మొత్తం సంసారాన్ని గోడవతల కాపురం పెట్టించేసింది. ఎనిమిదేళ్ల పిట్ట స్కూలు నుంచి వస్తూనే, "అమ్మా, ఇవాళ అత్త ఎన్ని విజిల్స్ వేసింది?" అని అడిగేది. తల్లీకూతుళ్లు గోడకి చెవులానించి, వేళ్లు మడిచి లెక్కపెట్టి పకపకా నవ్వుకునేవారు. మెకానిక్ తల కొట్టుకునేవాడు. కానీ ఇంట్లో నవ్వు వినబడుతున్నందుకు ఆయనకీ లోలోపల సంతోషమే.

మొన్న ఆదివారం ఆవిడే అంది, "సంతకం పెడతాలెండి. వదినగారుంది కదా."

మంగళవారం నుంచి కూత లేదు.

ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారా? ఒంట్లో బాగాలేదా? "ఆవిడే లేకపోతే నేనిక్కడ ఎవర్ని చూసుకుని ఉండాలి?" అని ఉదయం నిలదీస్తే మెకానిక్ పనిముట్ల సంచి భుజాన వేసుకుని పనికి వెళ్లిపోయాడు.

పిట్ట స్కూలు నుంచి రాగానే ఆవిడ చెప్పులేసుకుంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. వదినగారు ఉంటే అక్కడే సంతకం. లేకపోతే అక్కడే చింపేయడం.

"పదవే. ఇక్కడి భాష నీకేగా వచ్చు."

వెనకవీధి, మూడంతస్తుల మెట్లు. తలుపు తీసింది ఒక ముసలాయన. ఆరడుగుల మనిషి, గుబురుగా తెల్లటి కనుబొమలు. ఈ దేశం మనిషే. వెనకాల గదిలో ఒకటే కుర్చీ, బల్ల మీద ఒకటే కప్పు. అత్తగారు లేదు, పిల్లలు లేరు. గోడ మీద మాత్రం ఒక పాత ఫోటో ఉంది. రైలింజను కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుతున్న యువకుడు. అవే కనుబొమలు.

పిట్టవాళ్లమ్మ ప్రాణం ఉసూరుమంది. మూడు నెలల చుట్టరికం ఉత్తదే! చెయ్యి సంచిలోని కాగితం మీదికి వెళ్లింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ముసలాయన చంటిదాన్ని చూశాడు. పిట్టని చూశాడు. గోడ వైపు వేలు చూపించి ఏదో అడిగాడు. పిట్ట అవునని తలూపగానే ఆయన మొహం చేటంత అయింది. రమ్మని రమ్మని వంటింట్లోకి తీసుకెళ్లాడు.

స్టవ్ మీద కుక్కర్. తళతళలాడుతోంది. మరక లేదు, మసి లేదు. తప్పు చేసినవాడిలా దాన్ని చూపించి ఆయన గొణిగాడు.

"పాడైపోయిందటమ్మా," అంది పిట్ట. "మూడు రోజుల నుంచి కూయట్లేదట. ఏమీ అనుకోవద్దంటున్నారు తాతగారు."

ఆవిడ చెయ్యి కాగితాన్ని వదిలేసి కుక్కర్ మూత తిప్పింది. చూడగానే జబ్బేమిటో తెలిసిపోయింది. గ్యాస్కెట్ తెగింది. మరి లోపల? నీళ్లు. వట్టి నీళ్లు.

"ఇందులో బియ్యమేవీ? అడగవే."

పిట్ట అడిగింది. ముసలాయన తెల్లబోయి, కుక్కర్‌నీ ఆవిడనీ మార్చి మార్చి చూసి, మెల్లిగా ఏదో అన్నాడు. పిట్ట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

"అమ్మా, మనం రోజూ పలకరిస్తుంటే తిరిగి పలకరించాలి కదా అని కొన్నారట, ఇందులో వంట కూడా చేసుకోవచ్చా అని అడుగుతున్నారు!"