ఎవరొస్తే ఎవరు లేచారు

"అదిగో, మళ్లీ ఏదో రాసింది," అనుకున్నాడు కీపరు.

కోతుల బోను ముందు డాక్టరమ్మ మడతకుర్చీ వేసుకుని కూర్చోవడం అది ఆరో రోజు. ఒళ్లో పుస్తకం, చేతిలో పెన్సిలు. లోపల పదకొండు కోతులు. రెండు నెలల్లో మూడింటికి కుట్లు పడ్డాయి, ఒకదానికి వేలే పోయింది. ఈ కొట్లాటలకు మూలం ఎక్కడుందో తేల్చి, దాన్ని ఇక్కణ్ణుంచి తప్పించమని పైవాళ్లు జూకి ఉత్తర్వు పంపారు; తేల్చే పని ఈ డాక్టరమ్మది.

తేల్చడానికేముంది? బోనులో పెద్ద మగకోతి దొర. తల్లి చచ్చిపోతే కీపరే సీసాపాలు పట్టి పెంచాడు. వాడు కోరలు చూపిస్తే మిగతావి కడ్డీలెక్కేస్తాయి. ఎవరి వేలైనా వాడివైపే చూపిస్తుంది. అందుకే ఆరు రోజులుగా కీపరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఏం రాస్తున్నారమ్మా?"

"ఎవరొస్తే ఎవరు లేచి చోటిస్తున్నారో. అంతే."

"దాంతో ఏం తెలుస్తుంది?"

"పెత్తనం ఎవరిదో తెలుస్తుంది. కొట్టి ఏలేవాళ్లుంటారు, ఊరికే పక్కన కూర్చుని ఏలేవాళ్లూ ఉంటారు. ఆ ముసలమ్మను చూడండి."

ముసలమ్మ ఒంటికన్ను ఆడకోతి. లేచి నీడలోకి నడిచింది. ఎవర్నీ పిలవలేదు, ఎవర్నీ కరవలేదు. నాలుగు కోతులు ఆవులించుకుంటూ దాని వెనకే నడిచాయి.

"మా దొర కూడా మంచోడేనమ్మా. కాస్త నోరెక్కువ."

"నోరా, పళ్లా?" అని నవ్వింది డాక్టరమ్మ. "అది సరే, తిండి ముందు ఎవరికి పెడతారు?"

కీపరు భుజాలు తడుముకున్నాడు. "అందరికీ ఒకటేనమ్మా."

ఒకటి కాదు. పందొమ్మిదేళ్లుగా ఒక వరస ఉంది. కడ్డీలకేసి బకెట్టు రెండుసార్లు కొడతాడు. ముందు దొర తింటాడు. ఆ తర్వాత ఎవర్ని పేరుపెట్టి పిలిస్తే వాళ్లు రావాలి. పిలవకుండా చెయ్యి చాపితే ఆ పూటకి పస్తే. మందను మేపేవాడికి అదుపు తెలియాలని కీపరు నమ్మకం.

ఆ పొద్దున దొర కడుపు ముందే నింపేశాడు, ఆమె కళ్ల ముందు ఎగబడకుండా. అయినా బకెట్టు మోగగానే వాడు లేచి ఓ పిల్లకోతి వీపు పట్టుకుని కొరికాడు. కీపరు గబుక్కున అందుకున్నాడు.

"వాడి తప్పు కాదమ్మా, అదే అడ్డమొచ్చింది!"

"వాడి తప్పని నేననలేదే," అంది ఆమె రాస్తూనే. తలెత్తి, "ఇక్కడ ఒక్కరొస్తే మాత్రం పదకొండూ లేచి జరుగుతున్నాయి. అంత భయం నేనెక్కడా చూడలేదు," అంది.

దొర పనైపోయిందనుకున్నాడు కీపరు.

మర్నాడు వారపు సెలవు. ఇంట్లో కాలు నిలవలేదు. వాకిట్లోకీ వంటింట్లోకీ తిరిగాడు. హాల్లోకి రాగానే చదువుకుంటున్న కూతురు పుస్తకం మూసి, కుర్చీ వదిలి గోడవారకు జరిగింది. అతను ఆ కుర్చీలో కూలబడ్డాడు.

"సెలవు రోజు కూడా ఆ కోతి గొడవేనా?" అంది భార్య.

"వాడు పోతే నేను బతకలేనే."

"ఆ ముక్క మా గురించి ఎప్పుడైనా అన్నారా?"

"నీకు తెలీదు, ఊరుకో."

ఆమె వంటింట్లోకి తప్పుకుంది.

తెల్లారి గేటు తీయకముందే జూకి పరిగెత్తాడు. నిన్న అతని బదులు పని చూసిన ఊడ్చే ఆవిడ ఎదురైంది.

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా అక్కా?"

"దెబ్బలా? నీ వరసలూ పిలుపులూ నాకేం తెలుసు తమ్ముడూ? గంపెడు పళ్లు నాలుగు మూలలా పోసొచ్చా. ఒక్కటి కిక్కురుమంటే ఒట్టు! మీ దొరైతే ముసలమ్మ చేత పేలు చూపించుకుంటూ కొత్తల్లుడిలా పడుకున్నాడు."

"డాక్టరమ్మ చూసిందా?"

"చూడకేం? రెండు పేజీలు రాసింది."

కీపరు ప్రాణం లేచొచ్చింది. దొర మంచితనం కాగితం మీదకి ఎక్కింది! ఆ సంబరంలో ఆ రోజు బకెట్టు నాలుగుసార్లు కొట్టాడు. బోనంతా అదిరి కోతులన్నీ మూలకు చేరాయి.

పదో రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ ఆఫీసుకి పిలిచింది. బల్ల మీద ఒక కవరు ఉంది. కీపరు కూర్చోలేదు.

"మీ దొర ఎక్కడికీ వెళ్లడు," అంది ఆమె.

అతనికి కళ్లు చెమర్చాయి. రెండు చేతులూ జోడించాడు. వెంటనే ఇంకో భయం పట్టుకుంది.

"అయితే ముసలమ్మనా? వద్దమ్మా, ఒంటికన్నుది, కొత్తచోట బతకదు."

"ఆమె పోతే గుంపే చెదిరిపోతుంది. పదకొండూ ఇక్కడే ఉంటాయి."

"మరి పైవాళ్లు ఊరుకుంటారా? మూలాన్ని తప్పించాలన్నారుగా?"

"ఊరుకోరు. నేనూ ఊరుకోలేను." ఆమె గొంతు తగ్గించింది. "మీకు వాటి మీద ప్రేమ లేదని నేనెప్పుడూ అనను. ముందు అది చదవండి."

కీపరు కవరు చించాడు. పక్షుల విభాగానికి బదిలీ ఉత్తర్వు అది.

అందులో ఉన్న పేరు అతనిది.