పక్క కుర్చీ ముసలాయన

"పన్నెండు నిమిషాలు ఆలస్యం," అన్నాడు పక్క కుర్చీలో ముసలాయన.

డెల్ఫీనాకు ఒళ్ళు మండింది.

"టైం చూడ్డానికి మీకేమన్నా జీతమిస్తున్నారా తాతా?"

డయాలసిస్ సూది గుచ్చుతున్న నర్సు రోసౌరా కిసుక్కున నవ్వింది. ముసలాయన నవ్వలేదు.

"నిన్న మన కిడ్నీలకు పడని బంగాళాదుంప తిన్నావు కదూ? మొహం చూస్తేనే తెలుస్తోంది."

ఆయన పేరు నికాసియో. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు ఇదే వరస.

డెల్ఫీనా గ్వాటెమాల నుంచి అమెరికా వచ్చి పదకొండేళ్ళయింది. కోళ్ళ ఫ్యాక్టరీలో మాంసం కోసే పని. ఇక్కడ ఉండడానికి కాగితాలు లేవు. కిడ్నీలు రెండూ పాడయ్యాయి. కాగితాలు లేనివాళ్ళకు కూడా ఈ రాష్ట్రంలో వైద్య బీమా ఉంది కాబట్టి డయాలసిస్ సాగుతోంది.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదట. ప్రాణం మీదికొస్తేనే ఆస్పత్రిలో చేర్చుకునేవారట. ఆమె అది విన్నదే తప్ప చూసింది కాదు.

ఆమె రోజులు హాయిగానే గడుస్తున్నాయి. ఇంటికెళ్ళి పిల్లలకు వేడివేడిగా మొక్కజొన్న రొట్టెలు కాల్చి పెడుతోంది. మొన్న మేనకోడలి పదిహేనో పుట్టినరోజు వేడుకలో చెప్పులు తెగేదాకా డాన్సు చేసింది.

ఉన్న చికాకల్లా ఈ ముసలాయనే.

ఒకరోజు రోసౌరాను అడిగి అవతలి మూల కుర్చీకి మారిపోయింది.

ఏప్రిల్‌లో డెల్ఫీనాకు ఒక ఉత్తరం వచ్చింది. బీమా కొనసాగాలంటే చిరునామా రాసి, సంతకం పెట్టి పంపాలట.

"పంపావో, పట్టుకుని దేశం దాటిస్తారు," అన్నాడు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు.

ఆ శుక్రవారం ఆ ఉత్తరం రోసౌరాకు చూపిస్తూ చెప్పింది.

"సోమవారం నుంచి నేను రాను."

"రాకపోతే చస్తావే!"

"నన్ను పట్టుకుపోతే నా పిల్లలేమైపోతారు?"

హాలు అవతలి చివర నుంచి నికాసియో కేక వినిపించింది.

"అమ్మాయ్! ఆ కాగితం ఇలా పంపు."

"మీకు చదవడం వచ్చా?"

"రాదు. చదివించడం వచ్చు."

నికాసియో ఫోను తీసి ఎవరితోనో రెండే ముక్కలు మాట్లాడాడు. గంట తిరక్కుండా మిరియం అనే లాయరమ్మ వచ్చి ఉత్తరం చదివింది.

"ఈ వివరాలు బీమా ఆఫీసు గడప దాటకూడదని కోర్టు తీర్పులోనే ఉంది. ధైర్యంగా సంతకం పెట్టు. ఎవరైనా వచ్చి తలుపు కొడితే నాకు ఫోన్ చెయ్యి."

డెల్ఫీనా సంతకం పెట్టి, లాయరమ్మ చేతులు పట్టుకుని ఏడ్చేసింది. ముసలాయన వైపు మాత్రం ఒక్కసారి తలూపి ఊరుకుంది.

సోమవారం వచ్చేసరికి నికాసియో కుర్చీ ఖాళీగా ఉంది.

"కిడ్నీ దొరికిందని తెల్లారగట్ల ఫోనొచ్చింది," అంది రోసౌరా సంబరంగా. "ఆపరేషనయ్యాక అట్నించటే కూతురి ఊరెళ్ళిపోతాడట. ఇంక ఇటు రాడు."

'పోనీలే, పెద్దాయనకు మంచే జరిగింది,' అనుకుంది డెల్ఫీనా. మనసు తేలికపడింది.

రెండు వారాల తర్వాత మిరియం ఆ కాగితం నకలు ఇవ్వడానికి వచ్చింది.

"ఆ తాత మీకు చుట్టమా మేడం? పిలవగానే పరుగున వచ్చారు!"

"ఆయన నీకేం చెప్పలేదా?"

"నస పెట్టడం తప్ప ఏం చెప్పాడని!"

మిరియం నవ్వి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆయనకీ కాగితాల్లేవు. మీ అందరికీ ఈ బీమా తెచ్చిన కేసు ఆయనదే. సొంత పేరుతో కోర్టుకెక్కడానికి ఇంకెవరికీ ధైర్యం చాల్లేదు. మధ్యలో ప్రభుత్వం వాళ్ళు రాజీకొచ్చారు. కేసు వదిలేస్తే ఆయనొక్కడికీ బతికినన్నాళ్ళూ వైద్యం చేయిస్తామన్నారు."

"మంచి మాటే కదా!"

"నేనూ అదే అన్నాను. ఒప్పుకోమని బతిమాలాను."

"మరి?"

"తన తర్వాత వచ్చేవాళ్ళ సంగతేమిటని అడిగాడు. ఆ రాజీ కాగితం తిప్పి పంపించేసి, తీర్పు వచ్చేదాకా రెండేళ్ళపాటు, ఊపిరాడక పడిపోయిన రోజున మాత్రమే ఆస్పత్రి మెట్లెక్కాడు."