ఇంటికొక ఓటు

"పోలింగ్ లేదమ్మా," అన్నాడు ధర్మారావు, స్కూల్ కెఫెటీరియా తలుపు దగ్గరే రేణుని ఆపి.

ఆమె బూట్లకంటిన మంచు ఇంకా కరగలేదు. అమెరికాలోని ఆ నోవై ఊళ్ళో ఆ ఉదయం రోడ్లన్నీ జారుతున్నాయి. ఇరవై నిమిషాల దారికి గంట పట్టింది.

"లేకపోవడమేంటండీ? ఇవాళేగా మన తెలుగు సంఘం ఎలక్షన్! ఎలక్షన్ ఆఫీసర్ మీరేగా!"

"అయిపోయింది. ఏకగ్రీవం. పొద్దున్నే పెద్దవాళ్ళం కూర్చుని మాట్లాడేసుకున్నాం. మనలో మనకి పోటీ ఎందుకు చెప్పు? లోపల పెసరట్లు వేస్తున్నారు, వేడిగా తిను."

రేణు అక్కడున్న బెంచీ మీద కూలబడింది. ఒళ్ళు మండిపోతోంది గానీ అరిచే ఓపిక లేదు.

ఈ సంఘంలో మొదట గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే ఓటు. తర్వాత హెచ్‌వన్ వీసా మీద ఉద్యోగాలకొచ్చిన వాళ్ళకిచ్చారు. ఆ తర్వాత స్టూడెంట్లకీ ఇచ్చారు. భార్యల దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఫ్యామిలీ మెంబర్‌షిప్, ఇంటికొక ఓటు' అన్నారు. ఆ ఒక్కటీ ఎవరు వేస్తారో వేరే చెప్పాలా! ఆ రూల్ మార్పించడానికి రేణు మూడేళ్ళు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగేస్తే, ఈ ఏడే భార్యలకీ ఓటొచ్చింది. ఇండియాలో ఓటర్ల జాబితాలోంచి ఆమె పేరు ఎప్పుడో తీసేశారు. ఇక్కడ సిటిజన్‌షిప్ ఈ జన్మకి వచ్చేలా లేదు. భూమ్మీద ఆమెకున్న ఓటు ఇదొక్కటే.

"ముగ్గురు నిలబడ్డారుగా. ఏమయ్యారు?"

"విత్‌డ్రా అయ్యారు. ఇన్నాళ్ళూ ఎవరి బలం ఎంతో తెలిసేది. ఇప్పుడు మీ ఆడవాళ్ళ ఓట్లొచ్చి పడ్డాయి. అవి ఎటు పోతాయో ఆ దేవుడికే తెలియాలి! పరువు పోతుందని ముగ్గురూ తప్పుకున్నారు. కొత్తగా ఒక్క నామినేషన్ వేయించాం, అంతే."

"ఒక్క చీటీ ఇవ్వండి ధర్మారావుగారూ. లెక్కపెట్టొద్దు. నా చేత్తో మడిచి డబ్బాలో వేసి వెళ్ళిపోతాను."

"డబ్బాలో లడ్డూలు సర్దేశారమ్మా," అన్నాడాయన, పాపం నిజంగానే బాధపడుతూ.

లోపల చప్పట్లు మోగాయి. కుర్చీలు సర్దాలంటూ తెల్లారగానే వచ్చేసిన ఆమె భర్త రఘువీర్, దండ పట్టుకుని నవ్వుతూ బయటికొచ్చాడు. రేణు బెంచీ మీంచి లేచింది.

"నువ్వా ప్రెసిడెంట్‌వి?"

"ఛ, నేనెందుకు!" అంటూ ఆ దండ ఆమె మెడలో వేశాడు. "ఓటు తెచ్చింది నువ్వు, నువ్వుంటే ఎవరూ నోరెత్తరన్నారు. కంగ్రాట్స్!"

"నేనా? నేనెప్పుడు నామినేషన్ వేశాను? సంతకమే పెట్టలేదే!"

"నీ బదులు నేను పెట్టేశాలే," అన్నాడు రఘువీర్. "ఫ్యామిలీ మెంబర్‌షిప్ కదా, ఇంటికొక సంతకం చాలన్నారు."