ముడత పడని దుప్పట్లు

"చూడండి మేడమ్, ఒక్క ముడత ఉంటే ఒట్టు!" అంటూ స్కౌటు మాస్టారు గుడారం తెర ఎత్తాడు.

చలికాలపు క్యాంపులో అన్నిటికంటే చక్కగా ఉన్న గుడారానికి బహుమతి కప్పు ఇచ్చేందుకు తనిఖీకి వచ్చిన మేడమ్ లోపలికి తొంగిచూసింది. పరిచిన దుప్పట్లు పరిచినట్టే ఉన్నాయి. పిల్లలు మాత్రం బయట మంచులో, ఆరిపోయిన నెగడు చుట్టూ ముక్కులు ఎగబీలుస్తూ వణుకుతున్నారు.

"రాత్రి ఎక్కడ పడుకున్నారే?" అని అందరిలోకీ చిన్నదాన్ని అడిగింది.

"ఇక్కడే మేడమ్. లోపల పడుకుంటే దుప్పట్లు నలుగుతాయిగా!"

మేడమ్ గిర్రున మాస్టారి వైపు తిరిగింది. "ఛీ! మీరసలు మనిషేనా మాస్టారూ? కప్పు కోసం పసిపిల్లల్ని మంచులో పడేస్తారా?"

"అమ్మతోడు, నేను లోపలే పడుకోమన్నాను మేడమ్! వింటేగా!"

"అవును మేడమ్," చిన్నది దగ్గుతూనే నవ్వింది. "పోయినేడు ముడతలున్నాయని మీరేగా మాకు కప్పు ఇవ్వనన్నారు. ఈసారి ఇస్తారుగా?"

మాస్టారి మొహాన ఉమ్మాలనుకున్న ఉమ్ము ఆమె గొంతులోనే అడ్డంపడింది.

బురద బూట్లతోనే లోపలికి వెళ్ళి దుప్పట్ల మీద చతికిలబడింది. "రండర్రా, వచ్చి వెచ్చగా పడుకోండి."

ఒక్కరూ కదల్లేదు. చిన్నది ఏడుపు లంకించుకుంది.

"మొత్తం పాడుచేసేశారు మేడమ్!"