మ్యాచ్ రోజు మౌనవ్రతం

వెండెలిన్ ఉండే ఫ్లాట్ దగ్గర ఎవరో కొత్త మనిషి అతని కోసం వాకబు చేస్తున్నాడని కబురొచ్చింది.

కబురు మోసుకొచ్చింది జట్టు సామాన్లు చూసుకునే ఇమ్రో మావ. చెప్పింది మాత్రం వెండెలిన్‌కి కాదు, డ్రెస్సింగ్ రూమ్‌లో అతని పక్కనే కూర్చున్న కెప్టెన్ రస్తోకి.

వెండెలిన్ గోల్‌కీపర్. మ్యాచ్ రోజున గోల్‌కీపర్‌తో ఎవరూ మాట్లాడరు. అతనూ ఎవరితో మాట్లాడడు. పొద్దున్నే ఫోన్ కట్టేస్తాడు, ఆఖరి సైరన్ మోగాకే నోరు విప్పుతాడు. ఆ ఊళ్లో ఐస్ హాకీ మొదలైనప్పటి నుంచీ అంతే. వెనకటికి ఒకడు మౌనం తప్పితే తొమ్మిది గోల్స్ పడ్డాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"చేతిలో పెద్ద సంచి ఉందట్రా," అన్నాడు ఇమ్రో మావ.

"అయితే జప్తు వాడే," అన్నాడు రస్తో.

వాడికి అనుభవం. పోయిన వారమే అప్పు కట్టలేదని వాడింట్లో టీవీకీ ఫ్రిజ్‌కీ, అలాంటి సంచిలోంచే తీసి జప్తు స్టిక్కర్లు అంటించి పోయారు.

జట్టులో ఎవరికీ నవంబరు నుంచి జీతం లేదు. ఊరికి కూడు పెట్టిన ట్రాక్టర్ల ఫ్యాక్టరీ మూతపడింది. దాంతో జట్టుకి డబ్బిచ్చే చెయ్యి కూడా పోయింది. యజమాని ఫోన్ ఎత్తడు. మంచు గడ్డకట్టించే యంత్రానికి ఈ సీజన్ చివరిదాకా కరెంటు ఉంటే గొప్పే. వచ్చే ఏడు సంగతి అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

పోనీ పోదామంటే వెండెలిన్‌కి పోయే చోటు లేదు. ముప్పై ఆరేళ్ల గోల్‌కీపర్ని ఎవడు తీసుకుంటాడని అతని ఏజెంటే మొహం మీద అనేశాడు. పైగా ఆటగాళ్లు జట్టు మారే గడువు ఈ సాయంత్రం ఏడింటితో సరి. అది దాటితే సీజన్ అయ్యేదాకా ఎక్కడివాళ్లు అక్కడే. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది బతుకు.

మిగిలిన ఆస్తల్లా కాళ్లకి కట్టుకునే ఆ ప్యాడ్లు. సొంత డబ్బుతో కొనుక్కున్నవి. వాటి మీద గనక స్టిక్కర్ పడితే రేపట్నుంచి ఆట కూడా ఉండదు.

ఐదింటికి మ్యాచ్. నాలుగున్నరకి ఆ మనిషి డ్రెస్సింగ్ రూమ్ గుమ్మంలోకి వచ్చేశాడు.

అరవై దాటిన బొద్దు మనిషి. బూట్లనిండా మంచు. చాలా దూరం కారు నడిపినట్టు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. చంకలో సంచి.

"వెండెలిన్‌తో ఒక్క నిమిషం పని. ఒంటరిగా," అన్నాడు.

"మ్యాచ్ రోజు గోల్‌కీపర్ మాట్లాడడు," అన్నాడు రస్తో, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"తెలుసు బాబూ. నేనూ ఒకప్పుడు గోల్‌లో నిలబడ్డవాణ్ణే. అతను మాట్లాడక్కర్లేదు. నేను చెప్పేది విని తల ఊపితే చాలు."

"జప్తుకొచ్చే ప్రతివాడూ ఒకప్పటి ఆటగాడే," అని రస్తో గొణిగాడు. గదిలో నలుగురు నవ్వారు.

వెండెలిన్ తల దించుకుని ప్యాడ్ల పట్టీలు బిగించుకుంటున్నాడు. ఇన్నేళ్లుగా మోస్తున్న ఆ మౌనం ఈ రోజు అక్కరకొచ్చింది. హాయిగా దాని చాటున దాక్కున్నాడు.

ఇమ్రో మావ కన్ను గీటాడు.

"ఇటు రండి సార్. వాణ్ణి మీ దగ్గరికే పంపిస్తా," అని ఎంతో మర్యాదగా ఆయన్ని స్కేట్ల బ్లేడ్లకి సాన పెట్టే గదిలో కూర్చోబెట్టి, బయట గొళ్లెం పెట్టేశాడు.

కాంక్రీటు గోడల గది. లోపల సెల్ ఫోన్ పలకదు. పక్కనే మంచు యంత్రం హోరు. తలుపు ఎంత బాదినా వినే నాథుడు లేడు.

వెండెలిన్ అంతా చూశాడు. ఒక్క మాట అంటే మావ గొళ్లెం తీసేవాడే. అతను అనలేదు.

మూడు భాగాల ఆటలో రెండో విరామంలో, ఆ గది ముందునుంచి వెళ్తుంటే వెండెలిన్‌కి తలుపు చప్పుడు లీలగా వినిపించింది. గోడ గడియారం ఆరున్నర చూపిస్తోంది. వెండెలిన్ హెల్మెట్ తగిలించుకుని మంచు మీదకి వెళ్లిపోయాడు.

ఆ రోజు అతను ఒక్క గోల్ కూడా పడనివ్వలేదు. సగం ఖాళీగా ఉన్న స్టాండ్లలో జనం అతని పేరు పెట్టి పాడారు. సైరన్ మోగింది. కుర్రాళ్లంతా మీదపడి కావలించుకున్నారు.

నోరు విప్పగానే అతను అన్న మొదటి మాట, "మావా, ప్యాడ్లు మా ఆవిడ కారులో పెట్టించు. ఆ తర్వాత పాపం ఆయన్ని వదిలెయ్."

మావ అలాగే చేశాడు. గొళ్లెం దానంతటదే పడినట్టుందని నంగనాచిలా సర్దిచెప్పబోయాడు. ఆయన వినిపించుకోలేదు. చేతి గడియారం చూసుకుని, దాని మీదకి కోటు చెయ్యి లాక్కున్నాడు. మొహంలో కోపం లేదు. అలసట ఉంది.

"గదిలో మంచు వైపుకి చిన్న అద్దం కిటికీ ఉందిలే. ఆటంతా చూశాను," అన్నాడు వెండెలిన్‌తో. "నేననుకున్న దానికంటే బాగా ఆడావు."

పొగడ్తకి వెండెలిన్ లొంగలేదు.

"మీరు పట్టుకుపోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు సార్."

"నేను పట్టుకుపోదామని వచ్చింది నిన్నే అబ్బాయ్. పొద్దుట్నుంచీ చేస్తుంటే నీ ఫోన్ కలవలేదు. ఏడు దాటిపోయింది."

స్టిక్కర్లుంటాయని అందరూ అనుకున్న ఆ సంచి విప్పి, సరిహద్దు కొండల అవతలి జట్టుకి గోల్‌కీపర్ల కోచ్ అయిన ఆ పెద్దాయన, వీపు మీద వెండెలిన్ ఇంటిపేరు కుట్టిన ఆకుపచ్చ జెర్సీని తీసి అతని చేతుల్లో పెట్టాడు.