అడ్మిన్ సార్

"పోస్టు తీసెయ్. లేకపోతే ఇయ్యాల మధ్యాహ్నం ఇంటికొస్త. ఆ టైముల నువ్వొక్కదానివే ఉంటవని నాకు తెల్సు."

తనకొచ్చిన ఈ బెదిరింపును స్క్రీన్‌షాట్ తీసి అడ్మిన్‌కు పంపింది 'సన్నజాజి'. కింద ఒక్క ముక్క రాసింది: "సార్, నాకు భయమైతుంది."

ఆఫీసులో కూర్చున్న డానియేలు ఫైలు పక్కకు జరిపి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. 'మన పాతబస్తీ ముచ్చట్లు' అనే ఫేస్‌బుక్ గ్రూపును నడిపే ఇద్దరు అడ్మిన్లలో అతనొకడు. గ్రూపులో చాలామంది ఆడవాళ్లు మారుపేర్లతోనే ఉంటారు. గొడవలకు జడిసి అడ్మిన్లు కూడా తమ పేర్లు బయటపెట్టరు.

యాకుత్‌పురా రైల్వే స్టేషన్ దగ్గర ట్యూషన్‌కు వెళ్లే ఆడపిల్లలను రోజూ ఏడిపిస్తున్న ఒకడి సంగతి, వాడి బండి నంబరుతో సహా సన్నజాజి గ్రూపులో పెట్టింది. అప్పటి నుంచి వాడు ఆమెను వదలడం లేదు. ఒక ఖాతా ఆపేస్తే ఇంకో పేరుతో వస్తున్నాడు. ఆమె బండి నంబరు రాసుకోవడం చూసినవాడే గనక, ఇప్పుడు వెంటపడి ఇల్లు కూడా చూసుకున్నాడు.

డానియేలు రెండో అడ్మిన్ మహేందర్‌కు ఫోన్ చేశాడు. గాజుల దుకాణంలో బేరాల మధ్య ఉన్న మహేందర్ విసుక్కున్నాడు. మనకెందుకు ఈ లొల్లి, ఆ పోస్టు తీసేద్దాం, ఆమెను కూడా గ్రూపులోంచి తీసేస్తే పీడ పోతుంది అన్నాడు.

డానియేలుకు ఒళ్లు మండింది. "తప్పు చేసినోడు ఉండాలె, చెప్పినామె పోవాల్నా భాయ్? ఆ పోస్టు ఉంటది. ఆమె గూడ ఉంటది."

ఫోన్ పెట్టేసి గ్రూపులో ప్రకటన రాశాడు. మన సభ్యురాలిని ఒకడు బెదిరిస్తున్నాడు, ఆమె వెనక మనమందరం ఉన్నాం, వాడు రాసిన ప్రతి మాటా పోలీసులకు అందుతుంది అని. నిమిషాల్లో జవాబులు మొదలయ్యాయి. మా అమ్మాయిని కూడా వాడే ఏడిపించాడని ఒకామె రాసింది. ఇంటి ఆడది ఇంట్లో ఉండక ఇవన్నీ ఎందుకని ఒకాయన రాశాడు. డానియేలు ఆ మాట చెరిపేసి, ఆయన్ని అప్పటికప్పుడే గ్రూపు నుంచి తీసేశాడు.

ఇంతలో సన్నజాజి నుంచి మెసేజ్ వచ్చింది.

"సార్, బయట బండి ఆగింది."

"తలుపు గడియ పెట్టుకో అమ్మా. ముందుగాల మీ ఆయనకు ఫోన్ చెయ్."

"వద్దు సార్. ఫస్టు నన్నే అంటడు. నువ్వు స్టేషన్ కాడికి ఎందుకు పోయినవ్, నీకెందుకు గా పోస్టులు అని."

ఆఫీసులో ఉండగా ఫోన్ చేస్తే ఆయనకు గిట్టదనీ, ఒకసారి జ్వరం ఎక్కువై చేస్తే ఇంటికొచ్చాక రాత్రి దాకా సణిగాడనీ రాసింది. ఎట్లాంటి మనిషి పాలపడిందో పాపం అనుకున్నాడు డానియేలు.

"అయితే వందకు చెయ్. ఇప్పుడే. నేను ఆన్‌లైన్లనే ఉంట."

ఇల్లెక్కడో చెప్తే తనే పోలీసులను పంపుతానని రాశాడు. ఆమె అది చూడనేలేదు. కూర్చోలేక వరండాలోకి వచ్చాడు. పక్క సీటాయన టీకి పిలిస్తే వినిపించుకోలేదు. ఫోన్ వెలిగింది.

"తలుపు గుద్దుతున్నడు."

అంతే. మళ్లీ ఏమీ లేదు. అమ్మా, ఏమైందమ్మా అని రాస్తూనే ఉన్నాడు. ఆ మెసేజీలన్నీ చదవకుండానే ఒకదాని కింద ఒకటి పేరుకుపోతున్నాయి. ఆమెను ఏ గల్లీలో వెతకాలో, ఎవరిని అడగాలో తోచలేదు. లోలోపల ప్రార్థన చేసుకున్నాడు.

చాలాసేపటికి జవాబొచ్చింది.

"పోలీసులు వచ్చిన్రు సార్. వాడు ఉరుకుతుంటే గల్లీ వాళ్లు పట్టుకున్నరు. నాకేం కాలేదు."

డానియేలు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. "దేవునికి స్తోత్రం" అనుకున్నాడు. కళ్లు తెరిచేసరికి ఇంకో మెసేజ్ ఉంది.

"మా ఆయనను పిలిపియ్యమంటున్నరు సార్. పోలీస్ స్టేషన్ల కంప్లైంట్ రాయాలెనంట. వాడు తలుపు గుద్దినప్పుడు గూడ నాకు గింత భయం కాలేదు."

డానియేలుకు ఆ భర్త మీద పట్టరాని కోపం వచ్చింది.

"నువ్వు ఫికర్ చెయ్యకమ్మా. నీ తప్పేం లేదు. ఆయన నంబరియ్యి, నేను మాట్లాడుత. పెండ్లాం ఇంట్ల ఒక్కతే గింత ఆపదల ఉండి, మొగనికి చెప్పుకోనీకె భయపడుతుందంటే, ఆయన ఏం మొగడో నేనే అడుగుత."

ఆమె రాస్తున్నట్టు చుక్కలు కనిపించి ఆగిపోయాయి. మళ్లీ కనిపించాయి. మళ్లీ ఆగాయి. చివరికి నంబరు వచ్చింది.

కాల్ చేయబోయిన డానియేలు వేలు గాలిలోనే ఆగిపోయింది. అది తన నంబరే.