కనపడని ఫోల్డరు

"ఏమండీ, ఇందులో డాట్ గిట్ ఫోల్డరేదీ?" ఆటోనగర్ షాపులో కొత్త కంప్యూటరు ముందు కూర్చుని అడిగింది తబస్సుం.

"కనపడినవన్నీ పెన్ డ్రైవులోకి ఎక్కించాకే పాతదాన్ని ఫార్మాట్ కొట్టించా," విసుక్కున్నాడు ఆమె భర్త ఆరిఫ్.

"అది మామూలుగా కనపడదండీ. బిల్లింగ్ ప్రోగ్రాంలో ఏ లైను ఎవరు, ఎప్పుడు రాశారో ఉండేది అందులోనే."

"బిల్లులు వస్తున్నాయిగా? ఇంకేం కావాలి?"

"రేపు ప్రోగ్రాం కొనేవాళ్లొస్తున్నారు. అంతా తనే రాశానంటున్నాడు మీ తమ్ముడు జాహిద్. నేను రాశాననడానికి ఆ ఫోల్డరొక్కటే రుజువు."

ఆరిఫ్ గొంతు తగ్గింది. "నేను చెప్తాలే, నువ్వే రాశావని."

"మీరా?" ఆమె అలసటగా నవ్వింది. "నేను పొద్దస్తమానం కంప్యూటర్లో సీరియళ్లు చూస్తుంటానని ఊరంతా చెప్పింది మీరేగా!"

ఆరిఫ్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట తను మొదట అన్నది జాహిద్‌తోనే.